లాజరును లేపిన రెండు కుంచెలు: ఎవరిది మేలు?

చనిపోయి నాలుగు రోజులైన మనిషికి ప్రాణం తిరిగి వస్తున్న క్షణాన్ని బొమ్మగా వేయడం ఎలా? లాజరు అనే అతణ్ణి యేసు తిరిగి బతికించిన కథ చెప్పే యోహాను సువార్త 11వ అధ్యాయం చిత్రకారులకు పెట్టిన పరీక్ష ఇది. సమాధి రాయి తీయమని యేసు అనగానే, ఈపాటికి వాసన కొడుతుందని లాజరు సోదరి మార్త అడ్డు చెబుతుంది. పదిహేడో శతాబ్దపు ఐరోపా కళాశైలి అయిన బరోక్ కాలంలో ఈ పరీక్షకు కూర్చున్నవారిలో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్‌నీ ఇటలీ చిత్రకారుడు కరవాజియోనీ పక్కపక్కన పెట్టి చూడాలి.

రెంబ్రాంట్ దీన్ని 1630 ప్రాంతంలో, పాతికేళ్ల ప్రాయంలో, మీటరుకు కాస్త తక్కువ ఎత్తున్న చెక్క పలక మీద వేశాడు. ఇప్పుడది లాస్ ఏంజెలిస్ కౌంటీ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. యేసు కుడిచెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. కింద సమాధిలోంచి పాలిపోయిన ముఖం ఒకటి బరువుగా లేస్తోంది. గోడకు లాజరు కత్తి, అమ్ములపొది వేలాడుతున్నాయి. చూడవలసింది మాత్రం యేసు ముఖాన్ని. నోరు తెరిచి ఉంది, కళ్లు విప్పారాయి. తన మాటకు శవం కదలడం చూసి తానే ఆశ్చర్యపోయినట్టున్నాడు. బిగ్గరగా పిలిచాడన్న సువార్త మాట ఈ బొమ్మలో వినిపిస్తుంది.

అదే రోజుల్లో రెంబ్రాంట్ మిత్రుడు యాన్ లీవెన్స్ కూడా ఈ ఘట్టాన్నే వేశాడు. అందులో లాజరు కనిపించడు, సమాధిలోంచి రెండు చేతులు మాత్రం పైకి వస్తాయి. ఒళ్లు గగుర్పొడుస్తుంది, కానీ అంతకుమించి ముందుకు సాగదు.

కరవాజియోది వేరే దారి. రోములో ఒకరిని చంపి పారిపోయి, 1608లో మాల్టా చెర నుంచి తప్పించుకుని సిసిలీ చేరాడు. మెస్సీనాలో లాజ్జరి అనే ఇంటిపేరున్న వ్యాపారి అతనికి పని అప్పగించాడు. ఒప్పందంలో ఉన్నది మరియమాత బొమ్మ. 1609లో చేతికి వచ్చింది లాజరు బొమ్మ. ఇంటిపేరు కలిసిందనే కాబోలు!

దాదాపు నాలుగు మీటర్ల ఎత్తున్న ఆ చిత్రంలో పై సగం ఉత్త చీకటి. యేసు ఎడమ అంచున, ముఖం నీడలో పెట్టుకుని చెయ్యి చాచాడు. గుంపులో కొందరు లాజరును చూడటం లేదు, యేసు వెనుకనుంచి వచ్చే వెలుగువైపు తలలు తిప్పారు. లాజరు ఒళ్లు ఇంకా కట్టెలా బిగుసుకునే ఉంది. కుడిచెయ్యి వెలుగులోకి లేచింది, ఎడమచెయ్యి నేలమీది పుర్రెవైపు వాలింది. లాజరు సోదరీమణుల్లో ఒకామె తన ముఖాన్ని అతని ముఖానికి ఆనించింది. అతను బతికాడా, ఇంకా లేదా అన్నది ఆమెకూ తెలియదు.

నా ఓటు దీనికే. హంతకుడు తన చావు భయాన్నే ఇందులో వేసుకున్నాడన్న వ్యాఖ్య తరచూ వినిపిస్తుంది. నాకది అనవసరం అనిపిస్తుంది, ఆ రెండు చేతులే చాలు. రెంబ్రాంట్ అద్భుతం చేసినవాడిని చూపించాడు. కరవాజియో అద్భుతం ఎవరికి జరుగుతోందో వాడిని చూపించాడు. తిరిగి రావడానికి వాడికి ఇష్టముందో లేదో అడిగే ధైర్యం చేశాడు.

ఒక అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. కాళ్లూ చేతులూ ప్రేతవస్త్రాలతో కట్టి ఉండగానే లాజరు బయటికి వచ్చాడని సువార్త చెబుతోంది. కరవాజియో ఆ గుడ్డను జారవిడిచాడు. కట్లు అలాగే ఉంచితే ఆ చేతులు ఉండేవి కావు.