ఆంట్వెర్ప్, లైడెన్, వోల్ఫెన్‌బ్యూటెల్: పుస్తకాల దారి పట్టుకుని

బెల్జియంలోని ఆంట్వెర్ప్ వెళ్ళే మనవాళ్ళు స్టేషన్ దగ్గర ఫొటోలు దిగి, వజ్రాల వీధిలో ఒక చుట్టు తిరిగి, సాయంత్రానికల్లా బ్రస్సెల్స్ చేరిపోతుంటారు. ఈసారి వెళ్తే ఒక పూట ప్లాంటిన్-మొరేటస్ మ్యూజియానికి, అంటే మ్యూజియంగా మారిన ఒక పాత అచ్చుయింటికి, ఉంచుకోండి. సోమవారం మాత్రం మూసేస్తారు.

క్రిస్టఫ్ ప్లాంటిన్ ఫ్రాన్స్ నుంచి వచ్చి 1555లో ఈ ఊళ్ళో అచ్చుపని మొదలుపెట్టాడు, 1576లో ఈ చోటికి మారాడు. అల్లుడు మొరేటస్ వంశం వాళ్ళు దాన్ని అలాగే నడుపుకుంటూ వచ్చి, 1876లో ఇల్లు, ప్రెస్సు, కొట్టు, ఖాతా పుస్తకాలు అన్నీ కలిపి నగరపాలనకు అమ్మేశారు. ప్రపంచంలో మిగిలిన అతి పాత అచ్చుయంత్రాలు రెండూ ఇక్కడే ఉన్నాయి. ఒక్కో యంత్రానికి ఇద్దరు మనుషులు. ఒకడు తోలు బంతులతో సిరా అద్దుతాడు, ఇంకొకడు పిడి లాగుతాడు. అలా రోజుకు దాదాపు 1,250 కాగితాలు, రెండు వైపులా. విజయవాడలోనో తెనాలిలోనో పాత లెటర్‌ప్రెస్ చూసినవాళ్ళకి టైపు కేసుల ముందు నిలబడగానే చేతులు ఊరుకోవు.

కానీ నన్ను కదలనివ్వకుండా పట్టుకున్నది యంత్రాలు కాదు, ప్రూఫ్ రీడర్ల గది. కిటికీ వెలుతురు పడేలా వేసిన పెద్ద ఓక్ బల్ల, అంతే. ఆ ఇంట్లో కిలియాన్ అనే ఆయన దాదాపు అర్ధశతాబ్దం ప్రూఫులు దిద్దాడు, అదే చేత్తో డచ్చి భాషకు నిఘంటువు కూడా రాశాడు. ఐదు భాషల్లో ఎనిమిది సంపుటాల బైబిల్‌ని (1568 నుంచి 1572 దాకా) ఇలాంటి చూపుతోనే గట్టెక్కించారు. జ్ఞానం వ్యాపించింది అంటే గుటెన్‌బర్గ్ పేరు చెప్పి ఊరుకుంటాం గానీ, దిద్దేవాళ్ళు, కోసి సర్దేవాళ్ళు, జాబితాలు రాసేవాళ్ళు లేకపోతే ఆ కాగితాలు ఎవరికి పనికొచ్చేవి?

కొట్టు గది కూడా వదలొద్దు. పుస్తకాలు బైండింగ్ లేకుండా విడి కాగితాలుగానే అమ్మేవాళ్ళు, దూరాలకు పీపాల్లో పెట్టి పంపేవాళ్ళు. ఫ్రాంక్‌ఫర్ట్ సంతకి ఏడాదికి రెండుసార్లు సరుకు వెళ్ళేది, 1564 నుంచి ఆ సంతలో ఏ పుస్తకాలు దొరుకుతాయో చెప్పే కేటలాగులు కూడా అచ్చవడం మొదలైంది. నిషేధించిన పుస్తకాల జాబితాను అచ్చువేసింది కూడా ప్లాంటినే!

మనకు దగ్గరైన సంగతి ఇంకొకటి. గోవాలో ఉన్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో మన మిరియాలు, దాల్చినచెక్క, ఇంగువ వంటివాటి మీద సంభాషణల రూపంలో ఒక పుస్తకం గోవాలోనే అచ్చువేయించాడు. క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ సంభాషణలన్నీ తీసేసి, విషయాన్ని కుదించి, లాటిన్‌లోకి తెచ్చాడు. 1567లో దాన్ని ప్లాంటిన్ అచ్చువేశాడు. గోవాలో అడిగి తెలుసుకున్నది నాలుగేళ్ళలో యూరప్ పండితులందరి బల్ల మీదికీ వెళ్ళగలిగిందంటే ఈ సర్దుడే కారణం.

తిండికి ఆంట్వెర్ప్‌లో ఇబ్బంది లేదు, గుజరాతీ వజ్రాల వ్యాపారుల పుణ్యమా అని స్టేషన్ చుట్టుపక్కల మంచి శాకాహారం దొరుకుతుంది. బస కూడా అక్కడే చూసుకోండి, రాత్రి పూట కూడా సందడిగా ఉంటుంది.

తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్. అక్కడ బస నాకు నచ్చలేదు. కాలువ ఒడ్డున పాత ఇల్లు, ఫొటోల్లో ముచ్చటగా ఉంది గానీ లిఫ్టు లేదు, మెట్లు నిచ్చెనలాగా నిటారుగా ఉన్నాయి, పెద్ద సూట్‌కేసుతో పైకెక్కేసరికి ప్రాణం పోయింది. అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు బుక్ చేసే ముందే లిఫ్టు ఉందో లేదో అడగండి. ఊరు మాత్రం బంగారం. విశ్వవిద్యాలయం 1575 నాటిది, దాని వృక్షోద్యానం 1590 నాటిది. క్లూసియస్ 1593లో ఇక్కడికే వచ్చాడు. ఆయన వేసిన తోటని తిరిగి కట్టారు, చాలా చిన్నది, ఇరుకైన మళ్ళలో ఒక్కో మొక్కకు ఒక్కో చోటు. మొక్కల పేర్లు తెలియకపోయినా మళ్ళ వెంట మెల్లగా నడిస్తే ఆయన ఎలా ఆలోచించాడో అర్థమవుతుంది. 1595లో ఇదే విశ్వవిద్యాలయం తన గ్రంథాలయ కేటలాగును అచ్చువేసింది. ఒక సంస్థ గ్రంథాలయానికి అలా అచ్చయిన కేటలాగుల్లో అదే మొదటిది.

జర్మనీలోని వోల్ఫెన్‌బ్యూటెల్ దూరం, వెళ్ళేది అక్కడి పాత గ్రంథాలయం కోసం. జర్మనీ వైపు ఒక రైలు ఆలస్యమై తర్వాతది తప్పిపోయింది, చాలాసేపు టెన్షన్. బ్రౌన్‌ష్వైగ్‌లో బస చేసి లోకల్ రైల్లో వెళ్ళిరావడం మేలు. ఆ గ్రంథాలయాన్ని పెంచిన అక్కడి పాలకుడు డ్యూక్ అగస్ట్ (1579-1666) తన పుస్తకాలన్నిటినీ 20 విభాగాలుగా పెట్టి, కేటలాగు స్వయంగా చేత్తో రాసుకున్నాడు. మొదట మతం, తర్వాత న్యాయం, చరిత్ర, యుద్ధం. వ్యాకరణం చివర్లో, ఎందులోనూ ఇమడనివి దాని తర్వాత. తెల్లని తోలు అట్టల వెన్నుల మీద ఆయన రాత ఇప్పటికీ కనిపిస్తుంది. తర్వాతి కాలంలో ఇక్కడ తత్వవేత్త, గణితవేత్త లైబ్నిజ్ గ్రంథాలయాధికారిగా పనిచేశాడు.

పిల్లలతో అయితే ఆంట్వెర్ప్ ఒక్కటి చాలు. లైబ్రరీ సైన్స్ చదివినవాళ్ళయితే, ఎంత అలసినా సరే, వోల్ఫెన్‌బ్యూటెల్ దాకా వెళ్ళి తీరాలి.