బైరాగిపట్టెడ మేడ మీది సర్వీస్ గది: డిస్కులు పోలేదు, డ్రైవరే బిల్డ్ కాలేదు

తిరుపతి తిలక్ రోడ్డు దగ్గర మాకు పెళ్లిళ్ల ఫోటో స్టూడియో ఉంది. ఎడిటింగ్‌కి మూడు సిస్టమ్‌లు, మూడింటికీ కలిపి మూలన ఒక పాత డబ్బా సర్వర్. అందులో నాలుగు డిస్కులు, వాటిని కలిపి నడిపే రెయిడ్ కార్డు, వేరే చిన్న ఎస్‌ఎస్‌డీ మీద ఉబుంటు, అంటే విండోస్‌కి బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్. మా బావమరిది బెంగళూరు పోయే ముందు సెట్ చేసి వెళ్ళాడు. నాలుగేళ్లు దాని జోలికి పోలేదు, అదీ మా జోలికి రాలేదు.

ఆషాఢంలో మాకు పనేముంటుంది! ఖాళీగా ఉన్నాం కదా అని ఉబుంటు 22.04 నుంచి 24.04కి అప్‌గ్రేడ్ కొట్టాను. మధ్యలో ఏదో మాడ్యూల్ బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చడం) ఫెయిల్ అని వచ్చింది, చూసీ చూడనట్టు వదిలేశాను. రీస్టార్ట్ చేస్తే ఉబుంటు లేచింది, డిస్కులు మాత్రం కనబడలేదు. వైశాఖం, జ్యేష్ఠం పెళ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఏడు ఆల్బమ్‌లు ఇంకా ఇవ్వాలి.

ముందు ఊళ్లో ఒక పెద్ద షాపుకి తీసుకెళ్ళాను, పేరెందుకులెండి. కవర్ కూడా విప్పకుండా రెయిడ్ కరప్ట్ అయింది సార్, చెన్నై పంపాలి, డిస్కుకి పన్నెండు వేలు అన్నారు. అంటే 48 వేలు. అంతకు ముందు రాత్రి ఎర్రర్ నా కళ్ళతో చూసినవాణ్ణే, అయినా అంత పెద్ద షాపులో చెప్పేసరికి నమ్మేశాను. ఇంటికొచ్చి అన్నం కూడా తినబుద్ధి కాలేదు.

మా ఆల్బమ్ ప్రింటింగ్ ఆయన చెబితే బైరాగిపట్టెడ వెళ్ళాను. జిరాక్స్ షాపు పక్కన ఇరుకు మెట్లెక్కితే ఒక గది, బోర్డు లేదు. ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చేసిన కుర్రాడు ఒక్కడే నడుపుతున్నాడు. స్క్రూడ్రైవర్ ముట్టలేదు. మానిటర్ తగిలించి రెండు కమాండ్లు కొట్టి, "కార్డు కనబడతా ఉండాదన్నా. దాన్ని నడిపే డ్రైవరే లేదు" అన్నాడు. రీస్టార్ట్ చేసి, మొదట్లో వచ్చే మెనూలో పాత కెర్నల్ (ఉబుంటుకి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) 5.15 ఎంచుకున్నాడు. అంతే, ఫోల్డర్లన్నీ వచ్చి కూర్చున్నాయి. 48 వేల జబ్బు రెండు నిమిషాల్లో ఎగిరిపోయింది.

వెంటనే రిపేరు మొదలుపెడతాడనుకున్నా. లేదు. "ముందు ఎక్స్‌టర్నల్ డిస్కు కొనుక్కురా అన్నా, ఈ పాత కెర్నల్ మీదే అంతా కాపీ తీసుకుందాం. డ్రైవర్ సంగతి ఆ తర్వాత" అన్నాడు. నాకు ఇతని మీద గురి కుదిరింది అక్కడే.

కాపీ అవుతుండగా ఎర్రర్ లాగ్ తెరిచి చూపించాడు. మా కార్డు డ్రైవర్ కెర్నల్‌తో పాటు వచ్చేది కాదు, కంపెనీ విడిగా ఇచ్చిన కోడ్. కెర్నల్ మారినప్పుడల్లా దాన్ని మళ్ళీ బిల్డ్ చేసుకోవాలి. కెర్నల్ లోపల ఉన్న డ్రైవర్లనైతే, ఏదైనా మార్చినవాళ్ళే సరిచేస్తారు. బయట ఉన్నవాటిని ఎవరూ పట్టించుకోరు. 24.04లో వచ్చే కెర్నల్ 6.8. మా కార్డు కంపెనీ కోడ్ 5.15 దగ్గరే ఆగిపోయింది.

లాగ్‌లో ముఖ్యమైనవి రెండు. స్కజీ (కెర్నల్ డిస్కులతో మాట్లాడే పద్ధతి) కమాండ్ స్ట్రక్చర్‌లో 'స్కజీ_డన్' అనే మెంబర్ లేదన్నది ఒకటి. 'పీసీఐ_సెట్_డీఎంఏ_మాస్క్' అనే ఫంక్షనే (కార్డు మెమరీలో ఎంతవరకు నేరుగా అందుకోగలదో చెప్పేది) తెలియదన్నది రెండోది. మొదటిదాన్ని 5.16లో తీసేశారట, రెండోదాన్ని 5.18లో.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒప్పుకోవాలి. షాపుకి వెళ్ళే ముందు రాత్రి యూట్యూబ్ చూసి, ఆ స్కజీ_డన్ లైన్ల ముందు రెండేసి గీతలు పెట్టి కామెంట్ చేసేశాను, అంటే ఆ లైన్లు పనిచేయకుండా చేసేశాను. అది చూసి కుర్రాడు తల పట్టుకున్నాడు. కింద టిఫిన్ సెంటర్ వైపు చూపించి చెప్పాడు: "ఇంతకుముందు ప్రతి ఆర్డర్ చీటీ మీదా దోసె అయినాక ఎవర్ని పిలవాలో రాసుండేది. ఇప్పుడు చీటీ మీద రాయడం మానేసి, అందరికీ ఒకే గంట పెట్టినారు. నువ్వేమో పిలిచే పనే తీసేసినావు. దోసె అయిపోయినా కస్టమర్ ఆడే కూర్చోనుంటాడు." అంటే డిస్కు తన పని ముగించినా కెర్నల్‌కి కబురు అందదు, సిస్టమ్ బిగుసుకుపోతుంది. రెండో ఎర్రర్ వల్ల ఆ రాత్రి బిల్డ్ కాలేదు కాబట్టి బతికిపోయాను.

అతను ఆ గీతలు తీసేసి, పాత పద్ధతిలో పిలిచిన మూడు చోట్లా కొత్త ఉమ్మడి ఫంక్షన్ పెట్టాడు. రెండోదానికి 'డీఎంఏ_సెట్_మాస్క్' వాడాడు. పాత కెర్నల్ మీద కూడా బిల్డ్ అయ్యేలా వెర్షన్‌ని బట్టి రెండు దారులూ ఉంచాడు. ఇంకేవో చిల్లర మార్పులు కూడా చేశాడు, నాకు అర్థం కాలేదు. బిల్డ్ అయింది కదా, ఇచ్చేయమంటే ఒప్పుకోలేదు. రాయడానికి వీల్లేకుండా చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, బ్యాకప్‌లోని ఫైళ్ల వేలిముద్రల్లాంటి చెక్‌సమ్‌లతో సరిచూశాడు. తర్వాత రాత్రంతా 200 జీబీ రాయించి, పొద్దున మళ్ళీ సరిచూశాడు. తీసుకున్నది 2,500.

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. సాయంత్రం ఇస్తానన్నది మూడో రోజు ఇచ్చాడు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫోనెత్తడు. అవి పెద్ద విషయాలు కావు. కెర్నల్ అప్‌డేట్లు ఆపేసి పెట్టాడు, ఆ ముక్క నాతో అనలేదు, అదీ నా బాధ. వారం తర్వాత నేనే చూసుకుని అడిగితే, "అప్‌డేట్ అయితే మళ్ళీ బిల్డ్ పోవచ్చన్నా" అన్నాడు. కారణం సబబే. కానీ దాంతో కెర్నల్ సెక్యూరిటీ అప్‌డేట్లూ ఆగిపోతాయి కదా, ముందే చెప్పుండాల్సింది. కెర్నల్‌లోనే డ్రైవర్ ఉన్న కార్డుకి మారిపొమ్మని సలహా ఇచ్చాడు. శ్రావణం డబ్బులు చేతికొస్తే ఆ పనే చేస్తా.

వెళ్ళేవాళ్ళు మీ కీబోర్డు మీరే తీసుకెళ్ళండి. అక్కడున్నదానికి ఎంటర్ రెండుసార్లు నొక్కాలి.