పాత బెంజ్ ఈ250 సీడీఐ వైజాగ్‌లో కొంటున్నారా? మీటర్ తర్వాత, ముందు కింద చూడండి

కొత్తలో నలభై లక్షల పైచిలుకు పలికిన మెర్సిడెస్ ఈ-క్లాస్ ఇప్పుడు ఒక మంచి హ్యాచ్‌బ్యాక్ ధరకే వస్తోంది. ఇక్కడ మాట్లాడుతున్నది 2009లో మొదలై 2016 దాకా నడిచిన డబ్ల్యూ212 తరం గురించి, అందులోనూ డీజిల్ ఈ250 సీడీఐ గురించి. 2143 సీసీ, నాలుగు సిలిండర్లు, రెండు టర్బోలు, 204 హార్స్‌పవర్, 500 ఎన్ఎం టార్క్. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి కూడా ఆనందపురం దాటాక హైవే మీద వంద స్పీడులో పిల్లిలా పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని వెళ్ళినా లీటరుకు 14, 15 ఇస్తుంది. సిటీలో మాత్రం 9, 10కి పడిపోతుంది.

బండి మంచిదే. ఈ ఇంజన్‌కి టైముకి ఆయిల్ మారిస్తే మూడు లక్షల కిలోమీటర్లు పెద్ద లెక్క కాదు. చిక్కంతా మన ఊరితోనే. వైజాగ్‌లో ఈ కారును తినేది కిలోమీటర్లు కాదు, ఉప్పు గాలి.

"బెంజ్ కదా, పది లక్షలు తిరుగుతుంది" అని అమ్మేవాళ్ళు అలవాటుగా అనే మాట ఒకటుంది. ఆ పేరు తెచ్చినవి పాత డీజిల్ బెంజ్‌లు. గ్రీసులో సాకినిడిస్ అనే టాక్సీ డ్రైవరు 1976 మోడల్ 240డి మీద 46 లక్షల కిలోమీటర్లు తిరిగి, 2004లో ఆ బండిని కంపెనీ మ్యూజియానికి ఇచ్చేశాడు. నిజమే. కానీ మధ్యలో ఇంజన్లు మార్చుకుంటూనే తిరిగాడు. పైగా 240డిలో పాడవడానికి కంప్యూటర్ అంటూ ఏదీ లేదు. డబ్ల్యూ212లో డజన్ల కొద్దీ ఉన్నాయి. ఆ పేరు చూసి ఈ బండికి డబ్బు కట్టొద్దు.

ఇక కిందకి వద్దాం. బండిని ర్యాంపు మీదో లిఫ్టు మీదో ఎక్కించకుండా బేరం మొదలుపెట్టొద్దు. వెనక చక్రాల మధ్య డిఫరెన్షియల్‌నీ, చక్రాలను పట్టుకునే ఆర్మ్‌లనూ మోసే ఉక్కు చట్రం ఉంటుంది, అదే రియర్ సబ్‌ఫ్రేమ్. లోపల గుల్లగా ఉండే పెట్టె లాంటి నిర్మాణం. బురద, తేమ, ఉప్పు దాని రంధ్రాల్లోంచి లోపలికి పోయి, మళ్ళీ బయటికి రావు. అందుకే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. బయట నల్ల పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రేకు పల్చబడిపోతూ ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. అమెరికాలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకి ఇదే భాగం తుప్పుపట్టి యజమానులు కోర్టుకెక్కారు. మనకి ఉప్పు ఎవరూ చల్లక్కర్లేదు. లాసన్స్ బే, కిర్లంపూడి, పెదవాల్తేరు, రుషికొండల్లో సముద్రానికి ఎదురుగా ఆరుబయట ఏళ్ళ తరబడి ఆగిన బండికి రోజూ రాత్రి ఆ గాలే పడుతుంది.

చూసే పద్ధతి ఇది. టార్చి వేసి సబ్‌ఫ్రేమ్ మీద ఆర్మ్‌లు బిగించిన చోట్లు, అతుకులు, కింది వైపు నీరు కారే రంధ్రాలు వెతకండి. పెయింటు బొబ్బలు కట్టి ఉంటే అక్కడ వేలితో నొక్కండి. తర్వాత స్క్రూడ్రైవర్ వెనకవైపు పిడితో జానెడు జానెడుకీ కొట్టుకుంటూ పొండి. గట్టి ఉక్కు టంగుమని మోగుతుంది. శబ్దం మెత్తగా, పగిలిన కుండలా వచ్చిందంటే అక్కడ రేకు అయిపోవచ్చింది. రంధ్రం అంచున గోటితో గీరితే పొరలు పొరలుగా రాలే బండి ఎంత తక్కువకి వచ్చినా వద్దు. కిందంతా తాజాగా తారులాంటి నల్ల కోటింగు కొట్టిన బండి అయితే ఇంకా అనుమానించాలి. తుప్పు మీద కోటింగు వేస్తే తేమని లోపల పెట్టి మూత వేసినట్టే. వెల్డింగ్ అతుకులున్నా వద్దు, ఎందుకంటే చక్రం నిలబడేది దాని మీదే. మార్చడం అసాధ్యమేమీ కాదు గానీ వెనక సస్పెన్షన్ మొత్తం దింపాలి, కీళ్ళ దగ్గరి రబ్బరు బుష్‌లు కొత్తవి వెయ్యాలి, అయ్యాక అలైన్‌మెంట్ చెయ్యాలి. ఆ ఖర్చు బేరంలోనే తేల్చుకోండి.

కింద ఉండగానే బ్రేకు పైపులు కూడా చూడండి. సబ్‌ఫ్రేమ్ పైనుంచి వెళ్ళే ఉక్కు గొట్టాలు క్లిప్పుల దగ్గర మొదట తుప్పు పడతాయి. ఆటోమేటిక్ బండి కదా అని అందరూ పీ లో పెట్టి వదిలేస్తారు, కాలితో నొక్కే పార్కింగ్ బ్రేకు ఏళ్ళ తరబడి వాడరు. దాంతో వెనక డిస్కు లోపలున్న బ్రేకు షూలు తుప్పుపట్టి అతుక్కుంటాయి. ముందు బంపర్ జాలిలోంచి ఏసీ కండెన్సర్ చూడండి. అల్యూమినియం రెక్కలు వేలు తగిలితే పొడిలా రాలుతుంటే, వచ్చే ఎండాకాలం గ్యాస్ నిలవదు. పోర్టు వైపు, గాజువాక వైపు తిరిగిన బండ్లకి ఉప్పుతో పాటు బొగ్గు దుమ్ము కూడా తోడు. వాటి ఎయిర్ ఫిల్టర్, క్యాబిన్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన దూరంలో సగానికే మార్చాలి.

ఇప్పుడు మీటర్. 2012 బండి మీద 78 వేల కిలోమీటర్లు చూపిస్తుంటే సంబరపడిపోకండి. కంపెనీ డయాగ్నస్టిక్ స్కానర్ ఎక్సెంట్రీ పెడితే ప్రతి ఫాల్ట్ కోడ్ పక్కన అది మొదటిసారి, చివరిసారి ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో కనబడుతుంది. మీటర్ 78 వేలంటోంది, గేర్‌బాక్స్ మాడ్యూల్‌లో, అంటే దాని కంప్యూటర్‌లో, ఫాల్ట్ 1,90,000 దగ్గర నమోదైంది అనుకోండి, ఇక వాదించక్కర్లేదు. మీటర్ దిద్దేవాళ్ళు డాష్‌బోర్డు దిద్దుతారు, అన్ని మాడ్యూళ్ళూ దిద్దే ఓపిక చాలామందికి ఉండదు. వీఐఎన్ (చాసిస్) నంబరుతో అధీకృత సర్వీసులో పాత రికార్డు అడిగినా తేలిపోతుంది. ఫాల్టులు రెండు రోజుల కిందటే తుడిచేసి బోసిగా ఉన్న బండి కూడా ఒక సమాచారమే. అలాంటప్పుడు యాభై కిలోమీటర్లు నడిపి మళ్ళీ స్కాన్ చెయ్యండి.

ఇంజన్ పేరు ఓఎం651. దీనికి బెల్టు కాదు, టైమింగ్ చైన్. అది కూడా ముందు కాదు, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అందుకే పళ్ళచక్రాలు, గైడ్‌లతో సహా మార్చాల్సి వస్తే పని పెద్దది. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే మీ ఎదురుగా స్టార్ట్ చేయించండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచారంటే ఏదో దాస్తున్నట్టే. స్టార్ట్ కాగానే వెనకవైపు నుంచి గలగలమని రెండు మూడు సెకన్లు మోగితే చైన్ సాగినట్టో, దాన్ని బిగించి పట్టే టెన్షనర్ అరిగినట్టో. దీనికి మూలకారణం చాలాసార్లు టైముకి మార్చని ఆయిలే. ఎంబీ 229.51 (మెర్సిడెస్ ప్రమాణం) ఆయిల్, ఫిల్టర్‌తో సహా ఆరున్నర లీటర్లు, మన సిటీ ట్రాఫిక్‌కి పది వేల కిలోమీటర్లకొకసారి. పదిహేను వేలు అని పుస్తకం చెప్పినా పాత బండికి అంత దూరం లాగొద్దు.

2009 నుంచి 2011 మధ్య బండ్లలో డీజిల్‌ని ఇంజన్‌లోకి చిమ్మే ఇంజెక్టర్లు డెల్ఫీ పియెజో రకంవి వచ్చాయి. అవి ప్రపంచమంతటా ఇబ్బంది పెట్టాయి, తర్వాత కంపెనీ సోలినాయిడ్ రకానికి మారింది. ఆ ఏళ్ళ బండి చూస్తుంటే ఇంజెక్టర్లు మార్చారా, దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ వేశారా అని కాగితం అడగండి. ఏ ఏడాది బండైనా ఇంజన్ పైమూత ఒక్క నిమిషం తియ్యండి. ఇంజెక్టర్ మొదట్లో తారులా నల్లగా గడ్డకట్టి ఉంటే కింద రాగి వాషర్ లీకవుతోంది. చుఫ్ చుఫ్ మని చప్పుడు, క్యాబిన్‌లో పొగ వాసన దాని గుర్తులు. వాషర్ చౌకే. కానీ ఆలస్యమైతే గడ్డకట్టిన ఇంజెక్టర్ ఊడిరాదు. వాషర్‌తో పాటు బిగించే బోల్టు కూడా ప్రతిసారీ కొత్తదే వెయ్యాలి. పాతది సాగి ఉంటుంది, మళ్ళీ వదులవుతుంది. ఆటోనగర్‌లో పని చేయిస్తే ఆ బోల్టు కొత్తదేనా అని దగ్గరుండి అడగండి.

గేర్‌బాక్స్ రెండు రకాలు. మొదటి బండ్లకి ఐదు గేర్ల 722.6, తర్వాతి వాటికి ఏడు గేర్ల 722.9. ఏది ఉందో వీఐఎన్ డేటా కార్డులో ఉంటుంది. రెండింటిలో పాత ఐదు గేర్లదే మొండిది. దాని రోగం ఒకటే తరచుగా వస్తుంది. గేర్‌బాక్స్ పక్కన 13 పిన్నుల ప్లగ్గు, దానికి రెండు రబ్బరు రింగులు. రింగు గట్టిపడితే ఆయిల్ చెమటలా పడుతుంది, అక్కడితో ఆగదు, దీపం వత్తిలో నూనెలా వైర్ల వెంట పైకి పాకి గేర్‌బాక్స్ కంప్యూటర్ దాకా పోతుంది. ఆ ప్లగ్గు విప్పితే పిన్నులు పొడిగా ఉండాలి. ఇంత చిన్న భాగానికి ఇంత పెద్ద మాడ్యూల్ పోగొట్టుకోవడం అన్యాయం గానీ, జరిగేది అదే.

ఏడు గేర్లదానికి కంప్యూటర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. స్పీడ్ సెన్సర్లు పాడైతే బండి ఒకే గేర్‌లో ఇరుక్కుంటుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగవుతుంది, మళ్ళీ వస్తుంది. కొత్తది వేస్తే బండికి కోడింగ్ చెయ్యాలి. ఆయిల్ విషయంలో తేడా గుర్తుంచుకోండి. 722.6కి, మొదటి 722.9కి ఎంబీ 236.14, ఎరుపు. దాని తర్వాతి రూపం 7జీ-ట్రానిక్ ప్లస్‌కి 236.15, నీలం. ఒకదాని చోట ఒకటి పోయకూడదు. "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అనే మెకానిక్‌ని నమ్మొద్దు. 60 వేల కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్, ప్యాన్ గ్యాస్కెట్ మార్చాలి. లెవెల్ ఉష్ణోగ్రత బట్టే చూడాలి. 722.9లో అయితే ఆయిల్ 45 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ప్యాన్‌లోని గొట్టం నుంచి మిగులు కారనివ్వాలి. స్కానర్ పెట్టకుండా అందాజాగా పోసేవాడి దగ్గరికి వెళ్ళకండి. నడిపి చూసేటప్పుడు 60, 70 స్పీడులో యాక్సిలరేటర్ కొంచెమే నొక్కి పట్టుకోండి. స్పీడ్ బ్రేకర్ గీతల మీద వెళ్తున్నట్టు వణుకు వస్తే ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే టార్క్ కన్వర్టర్ లాకప్ జారుతోంది. ఆయిల్ మారిస్తే కొన్నింటికి తగ్గుతుంది, అన్నింటికీ కాదు.

బండిని ఉన్నచోటే ఉంచేసే భాగం మరొకటి ఉంది, దాని గురించి అమ్మేవాళ్ళు చెప్పరు. అది ఎలక్ట్రానిక్ స్టీరింగ్ లాక్. కీ పెట్టగానే స్టీరింగ్ కింద నుంచి చిన్నగా జ్జ్ మని వినబడాలి. లోపలున్న బుల్లి మోటారు బ్రష్‌లు అరిగాక ఒక రోజు ఆ చప్పుడు రాదు. డాష్‌బోర్డు వెలగదు, స్టీరింగ్ తిరగదు. తాళం పడి ఉన్నప్పుడు పోతే యూనిట్ కోసి తియ్యాల్సి వస్తుంది. చప్పుడు బలహీనపడినప్పుడే మోటారు మార్చడమో, లాక్ ఉన్నట్టే బండికి సంకేతమిచ్చే ఎమ్యులేటర్ వేయించడమో చౌక.

కూలెంట్ ఎంబీ 325.0 రకమే. సముద్రపు వైపు బోరు నీళ్ళు రేడియేటర్‌లో పోస్తే ఏడాదిలో దాని ఫలం కనబడుతుంది. వేడెక్కాక సూది 90 దగ్గర నిలబడాలి, హైవే మీద 70కి దిగిపోతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. డీలో పెట్టి బ్రేకు మీద ఆగినప్పుడు సీటు వణికితే ఇంజన్‌ని మోసే మౌంట్‌లు పోయినట్టే. ముందు ఆర్మ్‌ల బుష్‌లు లక్ష దాటాక అరుగుతాయి, మన స్పీడ్ బ్రేకర్లకి ఇంకా ముందే. ఇవన్నీ మామూలు ఖర్చులు, భయపడక్కర్లేదు.

వీలైతే ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కించండి. పైకి వెళ్ళేటప్పుడు ఉష్ణోగ్రత, దిగేటప్పుడు బ్రేకు, రెండూ ఒకే పూటలో తెలిసిపోతాయి. కుదరకపోతే సింహాచలం కొండ చాలు.

కాగితాల సంగతి. ఏపీ 31 నంబరుతో 2014 కంటే ముందు బండి అయితే 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను కూడా చూసే ఉంటుంది. చెట్లు పడి పైకప్పు, పిల్లర్లు దెబ్బతిన్న బండ్లు తక్కువేం కాదు. డోర్ రబ్బరు లాగి అతుకు కింద కంపెనీ వెల్డింగ్ చుక్కలున్నాయో లేదో చూడండి. ఆర్‌సీ గడువు 15 ఏళ్ళు, 2010 బండికి 2025తో అయిపోతుంది, ఆ తర్వాత ఐదేళ్ళకొకసారి రెన్యూవల్. పదేళ్ళు దాటిన డీజిల్ మీద ఆంక్షలతో ఢిల్లీ బండ్లు చాలా ఇటు దిగాయి. పొడి గాలిలో పెరిగిన ఆ బండ్ల సబ్‌ఫ్రేమ్ వైజాగ్ బండి కంటే తరచుగా శుభ్రంగా ఉంటుంది, ఇది వాటి మంచి. ఫారం 28 ఎన్‌ఓసీ (పాత ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడ మళ్ళీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, మీటర్ మీద అనుమానం, ఇవి చెడు. తలనొప్పే వద్దనుకుంటే పాత టయోటా క్యామ్రీ పెట్రోల్ చూసుకోండి. అదే తరం బీఎండబ్ల్యూ 520డి ఎన్47 ఇంజన్‌కి కూడా చైన్ వెనకే, తెగిన చరిత్ర కూడా ఉంది. బీఎండబ్ల్యూ, బెంజ్ రెండిటి మధ్య బెంజే మేలు.

కొన్నాక ధరలో నాలుగో వంతు మొదటి ఏడాదికి పక్కన పెట్టుకోండి. మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, డీజిల్ ఫిల్టర్, కూలెంట్, బ్రేకు ఆయిల్, ఏసీ, ఆల్టర్నేటర్ తిప్పే బయటి బెల్టు మార్చండి. తుపాను కాలం మొదలయ్యేలోగా కింద మంచినీళ్ళ ప్రెషర్‌తో కడిగించి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, సబ్‌ఫ్రేమ్ రంధ్రాల్లోంచి పొడుగాటి గొట్టం నాజిల్‌తో క్యావిటీ వ్యాక్స్ (లోపల తుప్పు పట్టకుండా పూసే మైనం) కొట్టించండి. రెండో రంధ్రంలోంచి వ్యాక్స్ చుక్కలు కారడం కంటితో చూసే వరకు గొట్టం బయటికి తియ్యనివ్వకండి.