ఇల్లెటెస్ బీచ్, ఫోర్మెంటెరా: ఒడ్డున గడ్డి ఉందని స్టార్లు కోయకండి

ఇలాంటి బీచ్‌లకు తక్కువ స్టార్లు ఇచ్చేవాళ్ల ఫిర్యాదు ఒకటే: ఒడ్డంతా గోధుమరంగు చెత్త, వాసన, ఎవరూ ఊడ్వరు. స్పెయిన్‌కి చెందిన బాలెరిక్ దీవుల్లో ఒకటైన ఫోర్మెంటెరాలోని ఇల్లెటెస్‌కి నేను ఐదుకి ఐదు ఇస్తున్నాను. ఆ కుప్పల్ని అలా ఉంచినందుకే ఇస్తున్నాను.

అది చెత్త కాదు, పోసిడోనియా అనే సముద్రపు గడ్డి రాల్చిన ఆకు. వేరు, పువ్వు, కాయ అన్నీ ఉన్న మొక్క ఇది. ఇక్కడి జాతి (పోసిడోనియా ఓషియానికా) మధ్యధరా సముద్రంలో తప్ప ఇంకెక్కడా పెరగదు. 1999లో యునెస్కో పొరుగు దీవి ఇబీసాని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి, ఇక్కడ నీటి అడుగున పరుచుకున్న ఈ గడ్డి మైదానాలు కూడా ఒక కారణం. శరదృతువులో ముదురాకు రాలుతుంది, గాలివానలు దాన్ని ఒడ్డుకి నెడతాయి.

మేం మే మొదట్లో వెళ్లాం. ఒక పక్క ఆకులు మోకాలి ఎత్తున పేరుకుని ఉన్నాయి, కాలు పెడితే స్పాంజిలా దిగుతోంది. తడి కుప్ప దగ్గర వాసన ఉన్నమాట నిజమే. నాలుగడుగులు పక్కకి జరిగితే లేదు. మా అమ్మాయి మొదట ముక్కు మూసుకుంది, తర్వాత అలలు చుట్టిన పీచు ఉండలు ఏరుతూ సాయంత్రం దాకా లేవలేదు.

నేను సివిల్ ఇంజనీర్‌ని, మాది కాకినాడ. ఉప్పాడలో సముద్రం ఇళ్లను లాక్కుపోవడం చూస్తూ పెరిగినవాణ్ణి. అక్కడ గట్టు కాపాడటానికి బండరాళ్లు పోస్తుంటే, ఇక్కడ ఆ పనిలో కొంత ఈ ఆకు కుప్ప ఊరికే చేసిపెడుతోంది. అల దెబ్బ అది తింటుంది, వెనక ఇసుక నిలుస్తుంది. లోడర్ పెట్టి ఎత్తితే ఆకుతోపాటు ఇసుకా పోతుంది. ఆ తెల్లటి ఇసుకలో కూడా చాలా భాగం ఆ గడ్డిని ఆశ్రయించి బతికే జీవుల గుల్లల పొడే. గడ్డి నీళ్లలోని మడ్డిని కిందికి దించుతుంది కాబట్టే నడుం లోతులో నిలబడినా మన కాలివేళ్లు కనిపిస్తాయి.

బాలెరిక్ దీవుల ప్రభుత్వం 2018లో ఉత్తర్వు తెచ్చింది. ఈ గడ్డి మీద పడవలు లంగరు వేయకూడదు, ఒడ్డున పడ్డ ఆకుని ఎవరికి తోచినట్టు వాళ్లు తీయకూడదు. చలికాలంలో ఒడ్డుకి దాని అవసరం ఎక్కువ, అప్పుడు కదపకపోవడమే సరైన పద్ధతి.

తీసిన ఆకు ఏం చెయ్యాలన్నదానికి జవాబు సాంత్ ఫెర్రాన్‌లో ఉంది. దీవికి వెళ్తే ఆ ఊళ్లోనూ ఆగండి. అక్కడ 2017లో పూర్తయిన 14 ప్రభుత్వ ఇళ్లకు పైకప్పులో ఎండబెట్టిన పోసిడోనియా పరిచారు, వేడి దిగకుండా. ఆకుకి పట్టిన ఉప్పే పురుగు చేరనివ్వదు. పాత రైతుల ఇళ్లకీ ఇదే వాడేవారు. నేను బయటి నుంచే చూశాను, అయినా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

లోపాలూ ఉన్నాయి: బీచ్‌లో నీడ లేదు, తాగే నీళ్లు మోసుకెళ్లాలి. వేసవిలో కార్లకి రుసుము ఉంది కాబట్టి లా సవినా రేవులో సైకిల్ అద్దెకి తీసుకోండి. జులై, ఆగస్టుల్లో విపరీతమైన రద్దీ. పడమటి గాలి వీస్తుంటే బీచ్ ఉన్న సన్నటి ఇసుక పట్టీ దాటి అవతల, తూర్పున ఉన్న లెవాంత్ ఒడ్డుకి వెళ్లండి. ఇసుక దిబ్బలు తొక్కకుండా చెక్క దారి మీదే నడవండి.