గొంతుకు ఏది మేలైన కాపలా: ఇంజెక్షనా, పెప్టైడా, బతికున్న బ్యాక్టీరియానా?

"అన్నయ్యా, ఈ చప్పరించే ప్రొబయోటిక్ బిళ్లలు వేసుకుంటే నా ఇంజెక్షన్ మానేయొచ్చా?" అని మా చెల్లి పోయిన నెల ఫోన్లో అడిగింది. తొమ్మిదో ఏట దానికి కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతింది. అప్పటి నుంచి 21 రోజులకోసారి పెన్సిలిన్. ఇంజెక్షన్ రోజు కుంటుతూ బడికి వెళ్లేది. ఆ ప్రశ్నకు నోటికొచ్చింది చెప్పి ఊరుకోలేకపోయాను, కూర్చుని చదివాను.

ఆ బిళ్లల వెనక ఉన్నది న్యూజిలాండ్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త జాన్ ట్యాగ్. ఆయనకీ చిన్నప్పుడు ఇదే జ్వరం వచ్చింది, ఆయనా ఏళ్ల తరబడి పెన్సిలిన్ వాడారు. పెద్దయ్యాక డునెడిన్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో ఈ జ్వరానికి మూలమైన స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ అనే బ్యాక్టీరియాను గొంతులోనే అడ్డుకునే మంచి బ్యాక్టీరియా కోసం దశాబ్దాలు వెతికారు. అలా దొరికిందే ఆ బిళ్లల్లో ఉండే స్ట్రెప్టోకాకస్ సలైవేరియస్ కె12. ఇది సాలివరిసిన్ ఎ2, సాలివరిసిన్ బి అనే రెండు పెప్టైడ్‌లను, అంటే చిన్న ప్రొటీన్ ముక్కలను, తయారుచేసి చుట్టూ వదులుతుంది. పయోజెనిస్‌ను చంపేవి అవే.

చంపేది పెప్టైడే అయితే దాన్నే తీసి మందుగా ఇవ్వొచ్చు కదా? ఆహారంలో ఆ పని ఎప్పుడో జరిగింది. పాలలో పెరిగే లాక్టోకాకస్ లాక్టిస్ నుంచి వచ్చే నైసిన్‌ను చీజ్ పాడవకుండా కలుపుతారు. అమెరికా 1988లో దానికి అనుమతిచ్చింది. 34 అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్ బ్యాక్టీరియా పొరకు చిల్లులు పొడుస్తుంది. కానీ మింగితే చిన్నపేగుల్లోని ఎంజైములు దాన్ని ముక్కలు చేసేస్తాయి. గొంతులో పెట్టినా లాలాజలం కడిగేస్తుంది. రోజుకు ఎన్నిసార్లని పూస్తాం? అందుకే గొంతు విషయంలో ఉత్త పెప్టైడ్‌కు నేను చివరి స్థానమే ఇస్తాను.

బతికున్న బ్యాక్టీరియా అయితే అక్కడే ఉండి ఎప్పటికప్పుడు కొత్త పెప్టైడ్ తయారుచేస్తుంది. ఈ పద్ధతి ఒంట్లో పనిచేస్తుందనడానికి మంచి రుజువు ఐర్లండ్‌లోని కార్క్ నుంచి 2007లో వచ్చింది. లాక్టోబాసిలస్ సలైవేరియస్ యూసీసీ118 (పేరు కలిసినా ఇది కె12 కాదు, వేరే జాతి) ఎలుకలను లిస్టీరియా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా నుంచి కాపాడింది. పెప్టైడ్ తయారుచేయలేకుండా మార్చిన అదే బ్యాక్టీరియా కాపాడలేకపోయింది.

అయితే అది అక్కడ నిలవాలి. కడగని గిన్నెలో తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోదు కదా, గొంతూ అంతే. అప్పటికే అక్కడ కాపురమున్న బ్యాక్టీరియా కొత్తదానికి చోటివ్వదు. అందుకే నోటి దుర్వాసన మీద కె12ను పరీక్షించినప్పుడు ముందు క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో నోరు పుక్కిలించి, ఆ తర్వాత బిళ్లలు ఇచ్చారు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ రెండు పెప్టైడ్‌ల జన్యువులు మెగాప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ మీద ఉంటాయి. అది జారిపోతే కె12 చేతిలో ఆయుధం లేనట్టే. రోజూ తినే పెరుగు చాలదా అని అమ్మ అడిగింది. పెరుగులోని బ్యాక్టీరియా వేరు, గొంతు వాటి ఇల్లు కాదు.

ఇక అసలు పరీక్ష మనుషుల్లో. ఇటలీలో చిన్న అధ్యయనాలు ఆశ కలిగించాయి. న్యూజిలాండ్ బడుల్లో వెయ్యిమందికి పైగా పిల్లలతో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో మాత్రం కె12 తీసుకున్నవారికీ ఉత్తుత్తి బిళ్ల తీసుకున్నవారికీ గొంతు ఇన్ఫెక్షన్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చదివి నాకు బాధేసింది, ట్యాగ్ పట్టుదల చూశాక మరీ.

పెన్సిలిన్ సంగతి వేరు. నొప్పి ఉంది, అలెర్జీ భయం ఉంది, మంచి బ్యాక్టీరియాకూ దెబ్బే. కానీ ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా పయోజెనిస్ దానికి లొంగుతూనే ఉంది. కవాటం ఒకసారి దెబ్బతిన్నాక మళ్లీ గొంతు ఇన్ఫెక్షన్ వస్తే శరీరం తన గుండె మీదే మళ్లీ దాడి చేయొచ్చు. అక్కడ 'పనిచేయొచ్చు' అన్న మాట మీద ఆధారపడలేం.

చెల్లికి అదే చెప్పాను: ఒక్క ఇంజెక్షన్ కూడా మానొద్దు. మరి దాని ఆరేళ్ల కొడుకు సంగతి? వాడికి ఏ జబ్బూ లేదు. బిళ్లలు ఇవ్వాలనుకుంటే పిల్లల డాక్టర్‌ను అడిగి ఇవ్వమన్నాను. కానీ జ్వరంతో గొంతునొప్పి వస్తే బిళ్ల ఉందిగా అని ఆగకుండా ఆ రోజే చూపించమన్నాను. "సరే, ఎల్లుండి నా ఇంజెక్షన్‌కి వెళ్లినప్పుడు వాణ్ణీ తీసుకెళ్తాలే" అంది.