బెలూన్ తరువాతి పదకొండేళ్లు: ఒక వాల్వ్ క్లినిక్ సేవలపై సమీక్ష

మా అమ్మగారికి 2013లో గుండెలోని మైట్రల్ వాల్వ్‌కు బెలూన్ (సన్నబడిన కవాటం ద్వారాన్ని బెలూన్ ఉబ్బించి వెడల్పు చేసే చికిత్స) చేసిన హైదరాబాద్ ఆసుపత్రిలోనే, 2024 వరకు ఏటా వాల్వ్ క్లినిక్‌లో చూపించాము. ఈ సమీక్ష బెలూన్ గురించి కాదు, ఆ తరువాత అందిన సేవ గురించి.

చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల, మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండవలసిన వాల్వ్ ద్వారం ఆమెకు 0.9కి కుంచించుకుపోయింది. బెలూన్‌తో అది 1.8 అయింది. ఇక నయమైనట్లేనని మేమనుకుంటుండగా, అక్కడి డాక్టరుగారు ఓపీ చీటీ వెనుక చేప నోరులాంటి బొమ్మ గీసి, అతుక్కున్న అంచులను విడదీశామే తప్ప గట్టిపడిన వాల్వ్‌ను కొత్తది చేయలేదని, ఏళ్లు గడిచేకొద్దీ అది మళ్లీ సన్నబడవచ్చని, అప్పుడు రెండోసారి బెలూనో వాల్వ్ మార్పిడో అవసరమవుతుందని ఆరోజే చెప్పారు. పాత ఎకో (గుండె స్కాన్) రిపోర్టులను పక్కపక్కన పెట్టి చూడటం ఈ క్లినిక్‌లో నాకు బాగా నచ్చిన పద్ధతి, 1.8, 1.6, 1.4 అని వరుసగా కనబడితేనే మార్పు వేగం తెలుస్తుంది.

2019లో గుండె లయ తప్పి, రక్తం గడ్డకట్టకుండా మందు మొదలైంది. తరచూ ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే) పరీక్ష అక్కరలేని కొత్త మాత్రలు ఇమ్మని అడిగితే, రుమాటిక్ మైట్రల్ జబ్బులో పాత మందే మేలని 2022లో వెలువడిన పరిశోధనను ఓపికగా వివరించారు.

లోపాలూ ఉన్నాయి. ఐఎన్ఆర్ కౌంటరు మధ్యాహ్నం ఒంటిగంటకే మూసేస్తారు; దూరం నుంచి వచ్చేవారికి మందు మోతాదు చెప్పించుకోవడానికి మరో రోజు పడుతుంది. ఆకుకూరలు ఈ మందు పనిని తగ్గిస్తాయి కాబట్టి వాటిని మానమని అచ్చువేసిన కాగితం ఇస్తారు. గోంగూర లేని వారం ఉండని మా ఇంట్లో అది పెద్ద గొడవే అయింది. మానవద్దు, ప్రతివారం ఒకే మోతాదులో తినమని డాక్టరుగారు చెబుతుంటే ఆ కాగితం ఇంకా ఎందుకు పంచుతున్నారో తెలియదు.

అయినా ఇక్కడికే వెళ్లమంటాను. ఆయాసం ఉందా అని అడిగితే అమ్మ ప్రతిసారీ లేదనే చెబుతుంది. కిందటిసారి డాక్టరుగారు ఆ మాటతో సరిపెట్టుకోకుండా, నీళ్ల బిందె ఇప్పుడు ఎవరు మోస్తున్నారని నన్ను అడిగారు. రెండేళ్లుగా నేనే మోస్తున్నానని అప్పుడు గానీ నాకు గుర్తుకు రాలేదు.