‘పిల్లల రచయితగా ఎదగండి’ ప్యాకేజీకి డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

పిల్లల కథలు రాసేవాళ్ళూ, రాద్దామనుకుంటున్నవాళ్ళూ జాగ్రత్త. ‘తొంభై రోజుల్లో బాలసాహిత్య రచయితగా ఎదగండి’ తరహా ప్రకటనలు ఫోన్ తెరిస్తే చాలు కనిపిస్తున్నాయి. కోచింగ్, అచ్చు, ప్రచారం, మోటివేషన్ అన్నీ ఒకే ప్యాకేజీలో ఇస్తామంటారు. అలాంటి ఒకదానికి నేను మొత్తం 68,500 రూపాయలు కట్టాను. 300 కాపీలు రావాల్సింది 60 వచ్చాయి. ఆ 60 కూడా పిల్లల చేతికి ఇవ్వడానికి మొహం చెల్లని పుస్తకాలు.

సంస్థ పేరు రాయడం లేదు. ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నడుస్తోంది. ఇలాంటివాళ్ళు ఎలాగూ పేర్లు మారుస్తుంటారు కాబట్టి వాళ్ళ పద్ధతి ఏమిటో చెబుతాను.

నేను నర్సీపట్నం వైపు ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచర్ని. పదకొండేళ్ళుగా రాస్తున్నాను. ఆదివారం అనుబంధాల్లో, పిల్లల పత్రికల్లో ఇరవై దాకా కథలు పడ్డాయి. పిల్లల కథకి ఇప్పుడు చోటెంత తక్కువో రాసేవాళ్ళకి తెలుసు. 1947లో మొదలైన చందమామ ఆగిపోయింది, బాలమిత్ర ఆగిపోయింది. ఒక కథ పంపి నెలల తరబడి ఎదురుచూస్తాం. పడినా ఎవరూ చెప్పరు, మనమే ఆదివారం పొద్దున్నే పేపరు కొని వెతుక్కోవాలి. ‘ఇదంతా ఎవరి కోసం రాస్తున్నట్టు?’ అనిపించే రోజు ఒకటి వస్తుంది. సరిగ్గా అలాంటి రోజు రాత్రి నాకు ఆ ప్రకటన కనిపించింది.

వెబినార్‌కి 99 రూపాయలు. రెండు గంటలు. కోచ్ గారు చాలా బాగా మాట్లాడారు, ఆ మాట ఒప్పుకోవాలి. ‘మీలోని రచయితని మీరే గదిలో పెట్టి తాళం వేశారు’ అంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివర్లో, ఈ రాత్రి పన్నెండు లోపు కట్టేవాళ్ళకి 95,000 ప్యాకేజీ 61,000కే అన్నారు. తెర మీద నిమిషాలు తగ్గిపోతూ గడియారం. నాలుగు రోజుల తర్వాత మా తోటి టీచర్ ఒకావిడ అదే వెబినార్ చూస్తే ఆవిడకీ ‘ఈ రాత్రి వరకే’ అన్నారట. అప్పటికే నేను నష్టానికి చీటీ పాడి కట్టేశాను.

ఎనిమిది వారాల కోచింగ్ రోజూ తెల్లవారుజామున ఐదింటికి, జూమ్‌లో. కథ గురించి ఒక్కరోజు మాట్లాడలేదు. ఐదేళ్ళ పిల్లకి వాక్యం ఎంతుండాలి, తొమ్మిదేళ్ళవాడికి ఎంతుండాలి, బొమ్మలో కనపడుతున్నది మళ్ళీ మాటల్లో చెప్పాలా వద్దా, ఇలాంటివి అడుగుదామని నోట్‌బుక్ పెట్టుకుని కూర్చునేదాన్ని. వాళ్ళు చెప్పింది వేరు. అద్దం ముందు నిలబడి ‘నేను బెస్ట్‌సెల్లర్ రచయితని’ అని ఇరవై ఒక్కసార్లు అనాలి. రోజుకి మూడు రీల్స్ పెట్టాలి. గ్రూపులో మిగతావాళ్ళ రీల్స్‌కి లైకులు కొట్టాలి. నూట నలభై మంది రచయితలం ఒకరి రీల్స్ ఒకరం చూసుకుంటూ గడిపాం. అందులో ఒక్క పిల్లవాడు లేడు, పిల్లలకి పుస్తకం కొనే ఒక్క తల్లి లేదు.

ఇక బొమ్మల సంగతి. నా కథలో బజ్జీల బండి దగ్గర తిరిగే ఒంటిచెవి పిల్లి ఉంది. ఆ రెండో చెవి ఎలా పోయిందో వీధిలో పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతారు, కథంతా అదే. అనుభవమున్న ఆర్టిస్టు చేత వేయిస్తామన్నారు. వచ్చినవి ఏఐతో చేయించిన బొమ్మలు. నాలుగో పేజీలో పిల్లికి ఎడమ చెవి లేదు. తొమ్మిదో పేజీలో కుడి చెవి లేదు. పద్నాలుగో పేజీలో శుభ్రంగా రెండు చెవులూ ఉన్నాయి. బండికి ఎరుపు తెలుపు చారల గొడుగు, పక్కన పొగగొట్టం. మిరపకాయ బజ్జీలు తొడిమ లేకుండా బన్నుల్లా గుండ్రంగా ఉన్నాయి. బజ్జీలు వేసే అవ్వకి రెండు భుజాల మీదా పైటే! ఇవన్నీ పేజీల వారీగా రాసి పంపితే ‘చిన్నపిల్లలు అంత గమనించరు మేడమ్’ అని జవాబు. పిల్లలతో ఒక్క పూట గడిపినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

అక్షరాలు ఇంకా ఘోరం. నేను యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చాను. డిజైనర్‌కి తెలుగు రాదు. పేజీలు కట్టేటప్పుడు ఒత్తులన్నీ విడిపోయాయి. కంప్యూటర్లో పేజీలు కట్టే డీటీపీ వాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. యూనికోడ్ నుంచి ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలోకి మార్చేటప్పుడు గానీ, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగు పెట్టకపోతే గానీ ఇలా అవుతుంది. తెలుగు వచ్చినవాళ్ళు ప్రూఫు కాగితం మీద చూస్తే ఐదు నిమిషాల్లో దొరికిపోయే తప్పు. నాకు కాగితం మీద ప్రూఫు ఇవ్వలేదు. వాట్సాప్‌లో చిన్న పీడీఎఫ్ పంపి రెండు గంటల్లో ఓకే చెప్పమన్నారు. నేను క్లాసులో ఉన్నాను, పైపైన చూసి ఓకే కొట్టేశాను. ఆ తప్పు మాత్రం నాదే.

ఆర్టీసీ కార్గోలో కట్ట వచ్చిన మర్నాడు ఒక పుస్తకం బడికి పట్టుకెళ్ళాను. నాలుగో తరగతి పాప లేచి నిలబడి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ‘అనగనగా ఒక పిల్... లి’ అని ఆగింది. పుస్తకంలో నిజంగానే ‘పిల్ లి’ అని రెండు ముక్కలుగా ఉంది. పాప నా మొహం చూసి, ‘టీచర్, ఇది పిల్లేనా?’ అంది. కింద ‘బజ్ జీ’, దాని కింద ‘అవ్ వ’. ఒత్తులు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్న పిల్లలకి నేను చేతిలో పెట్టిన పుస్తకం అది. పలచటి కాగితం, వెనక పేజీ బొమ్మ ఇవతలికి కనిపిస్తోంది. బ్రోచర్‌లో మాత్రం మందంగా ఉండే 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్ అని ఉంది. రెండోసారి తెరిచేసరికి సెంటర్ పిన్ ఊడొచ్చింది.

మిగతా 240 కాపీల సంగతి అడిగితే ‘అవి ప్రింట్ ఆన్ డిమాండ్ మేడమ్, ఆర్డర్ వస్తే వేస్తాం’ అన్నారు. బ్రోచర్‌లో ఆ ముక్క లేదు.

ఒక సాయంత్రం ‘నంబర్ వన్ బెస్ట్‌సెల్లర్’ అని నా పుస్తకం స్క్రీన్‌షాట్ పెట్టారు. మా ఇంట్లో పాయసం కూడా చేశాం. తర్వాత తెలిసింది. ఆన్‌లైన్ షాపుల్లో ఆ ర్యాంకు అమ్మకాలని బట్టి తరచూ మారిపోతుంటుంది, అదీ విభాగాల వారీగా. పెద్దగా పోటీ లేని విభాగంలో పుస్తకం పెట్టి, గ్రూపులో వాళ్ళ చేత ఒకే సాయంత్రం తలా ఒక కాపీ కొనిపిస్తే మొదటి స్థానం వచ్చేస్తుంది, మర్నాటికి పోతుంది. తోటివాళ్ళ పుస్తకాలు అలా నేనూ పదకొండు కొన్నాను. ఆ డబ్బు 68,500లో కలపలేదు.

తర్వాత అవార్డు. ‘జాతీయ స్థాయి’ పురస్కారానికి నామినేషన్ ఫీజు 7,500. ఫంక్షన్‌కి నాకు సెలవు దొరకలేదు. శాలువా, మెమెంటో ఫొటో తీసి పంపారు, అవి కావాలంటే కొరియర్ ఛార్జీలు వేరే అట. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇస్తున్న బాల సాహిత్య పురస్కారంలో రచయితకే 50,000 రూపాయలు ఇస్తారు. ఇచ్చేవాళ్ళు మనల్ని ఎదురు డబ్బు అడగరన్న చిన్న లెక్క నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఇక అసలు విషయానికొస్తాను. ఫోన్‌లో జరిగిన మాటలివి:

‘ఆన్‌లైన్‌లో ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయి బాబూ?’

‘మేడమ్, మీరు నంబర్స్ మీద ఫోకస్ చేస్తున్నారు. అది లిమిటెడ్ మైండ్‌సెట్.’

‘పోనీ, మిగతా కాపీలు ఎప్పుడు పంపిస్తారు?’

‘అక్కా, మీ ఎనర్జీ నెగటివ్‌గా ఉంది. గోల్డ్ లెవెల్‌కి రండి, కోచ్ గారు పర్సనల్‌గా మాట్లాడతారు.’

గోల్డ్ లెవెల్ అంటే ఇంకో 25,000.

మామూలు వస్తువు పాడైతే షాపువాడితో గొడవపడతాం. ఇక్కడ నేను కొన్నది మోటివేషన్. అందుకని అనుమానం వచ్చిన ప్రతిసారీ నాకు మోటివేషన్ చాలలేదన్నారు. రెండు నెలలు నేనూ అదే నమ్మాను. తెల్లవారుజామున అద్దం ముందు నిలబడి ఇరవై ఒక్కసార్లకి బదులు నలభై రెండుసార్లు అన్న రోజులున్నాయి. మా ఆయన ఒకరోజు ‘కథ రాసి ఎన్నాళ్ళయింది?’ అని అడిగారు. ఆ ప్యాకేజీలో చేరాక ఒక్క కథా రాయలేదు.

గ్రూపులో బయటకి అడిగాను, తీసేశారు. అంతకుముందు వారమే చాట్‌లో మెసేజ్‌లు 24 గంటల్లో మాయమయ్యే సెట్టింగ్ పెట్టారు. అది చూసి అనుమానం వచ్చి పాతవన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. మీరెవరైనా ఇలాంటి గ్రూపులో ఉంటే ఈ రోజే ఆ పని చేయండి.

ఒప్పందం పదకొండు పేజీలు, ఇంగ్లిషులో. నేను ఆఖరి పేజీ సంతకం మాత్రమే చూసుకున్నాను. ఏడో పేజీలో అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో, శాశ్వతంగా హక్కులు సంస్థవే అని ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా ఇస్తేనే హక్కు చేతులు మారుతుంది. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. వీళ్ళు ‘శాశ్వతంగా’ అని రాయించుకున్నారు కాబట్టి నాకు ఆ వెసులుబాటు కూడా లేకపోయింది. లాయర్ నోటీసు వెళ్ళాక హక్కులు వదులుకుంటున్నట్టు సంతకంతో ఉత్తరం పంపారు. డబ్బు రూపాయి రాలేదు.

డబ్బు కట్టే ఆలోచనలో ఉన్నవాళ్ళు కొన్ని చూసుకోండి. బిల్లులో ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యకి, నా దగ్గర 4,500 తీసుకున్నారు. మన దేశంలో అది ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది, రచయిత సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి ఎవరైనా ఫీజు చెబితే మిగతా లెక్కలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. నా రసీదులో 18 శాతం జీఎస్టీ వేశారు గానీ పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరే లేదు. నంబరు ఉంటే అది నిజమైనదో కాదో జీఎస్టీ వెబ్‌సైట్‌లో అప్పటికప్పుడు చూసుకోవచ్చు. వాళ్ళు ఇదివరకు వేసిన పిల్లల పుస్తకం ఒకటి కొని చేత్తో పట్టుకుని చూడండి, స్క్రీన్‌షాట్ చూసి నమ్మకండి. ఆ పుస్తకం రాసినావిడతో, సంస్థవాళ్ళు లేకుండా మాట్లాడండి.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తప్పని అనడం లేదు. తెలుగులో ఎప్పట్నుంచో ఉన్నదే, నామోషీ ఏమీ లేదు. కానీ ఏ పనికి ఎంతో విడివిడిగా అడగండి. నేను ఇదంతా అయ్యాక విజయవాడలో ఒక ప్రెస్‌లో అడిగాను. 32 పేజీలు, నాలుగు రంగులు, అదే 130 జీఎస్‌ఎం, 500 కాపీలు. ఒక్కోటి 52 రూపాయలు పడుతుందన్నారు, అంటే 26,000. మంచి ఆర్టిస్టుకి 25,000 ఇచ్చినా నా 61,000లో ఇంకా పదివేలు మిగిలేవి. అయితే అమ్మడం మన తలనొప్పే. నేను అడిగిన పుస్తకాల షాపులు 40 శాతం కమీషన్ చెప్పాయి, అది కూడా లెక్కలో వేసుకోండి. రచయిత దగ్గర డబ్బు తీసుకోకుండా పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళూ ఉన్నారు. అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా, ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ కలిసి పోటీలు పెట్టి వేశాయి. ప్రభుత్వ ప్రచురణ సంస్థ నేషనల్ బుక్ ట్రస్ట్ ఉంది. చోటు తక్కువే, ఎదురుచూపులు ఎక్కువే, కానీ చీటీ పాడక్కర్లేదు.

ప్రచారం అంటారా? ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. మొదటి రోజు బాలల దినోత్సవం కూడా. పిల్లలకి కథ చెప్పేవాళ్ళ కోసం లైబ్రేరియన్లు వెతుకుతుంటారు. మా శాఖా గ్రంథాలయంలో అడిగితే వెంటనే రమ్మన్నారు. అరవై మంది పిల్లలు, కింద చాప మీద. మూడు నెలల రీల్స్‌కి అంతమంది పిల్లలు రాలేదు.

ఇప్పటికే కట్టేసినవాళ్ళు 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. దాంతో తేలకపోతే జిల్లా కమిషన్. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, వాళ్ళ ఊరు వెళ్ళక్కర్లేదు. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ళు దాటనివ్వకండి. ‘మీరు వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారు కారు’ అని వాళ్ళు వాదిస్తారు, నా కేసులో అదే నడుస్తోంది. తీర్పు ఎలా వచ్చినా ఇక్కడే రాస్తాను.

బంధువులకి పంచగా నా దగ్గర 46 కాపీలు మిగిలాయి. పారేద్దామని బీరువా మీద పెట్టాను. పోయిన శనివారం నాలుగో తరగతి వాళ్ళు అడిగితే తలా ఒకటి ఇచ్చి, తప్పులు దిద్దమన్నాను. ఎర్ర పెన్నుతో ‘పిల్ లి’ని కొట్టేసి పైన ‘పిల్లి’ అని రాస్తున్నారు. ఆ పాప ఒత్తుల పని ముందే ముగించేసి, పద్నాలుగో పేజీ తీసి, నల్ల స్కెచ్‌పెన్‌తో పిల్లి ఎడమ చెవిని జాగ్రత్తగా చెరిపేస్తూ కూర్చుంది.